చావుల లెక్కకు ముందు వయసుల లెక్క



ఈ రోజు ఒక లెక్క గురించి మాట్లాడుకుందాం. చిన్న లెక్కే. కూడికలు, భాగహారం వస్తే చాలు. కానీ ఈ లెక్క తెలియక బాగా చదువుకున్నవాళ్లు కూడా తప్పు మాట అనేస్తుంటారు. అది విని మనమూ నమ్మేస్తుంటాం.

ముందుగా ఒక ప్రశ్న. రెండు రాష్ట్రాలున్నాయి. వాటి పేర్లు తర్వాత చెబుతాను. మొదటి రాష్ట్రంలో ఏడాదికి ప్రతి వెయ్యిమందిలో 5.4 మంది చనిపోయారు. రెండో రాష్ట్రంలో ప్రతి వెయ్యిమందిలో 7 మంది చనిపోయారు. ఇప్పుడు చెప్పండి. ఏ రాష్ట్రంలో జనం ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నట్టు?

మొదటిదే అనుకుంటాం. చావులు తక్కువ కదా అంటాం.

ఆ మొదటి రాష్ట్రం బీహార్. రెండోది కేరళ.

ఇవి 2020 సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన అంకెలు. రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం దేశమంతటా కొన్ని ఊళ్లను, కొన్ని పట్టణ బ్లాకులను ఎంచుకుంటుంది. అక్కడ పుట్టినవాళ్లను, పోయినవాళ్లను ఏడాది పొడుగునా రాసుకుంటుంది. దాన్ని శాంపిల్ రిజిస్ట్రేషన్ అంటారు. ఆ లెక్కే ఇది.

మరి అదే లెక్కలో ఇంకో అంకె కూడా ఉంది. పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో ఏడాది నిండకుండానే చనిపోయేవాళ్లు బీహార్‌లో 27 మంది. కేరళలో 6 మంది. ఇక సగటు ఆయుర్దాయం చూస్తే, కేరళలో దాదాపు 75 ఏళ్లు. బీహార్‌లో 70కి కాస్త తక్కువ.

చంటిపిల్లలు బతికి బట్టకడుతున్నది కేరళలో. మనిషి ఎక్కువ కాలం జీవిస్తున్నదీ కేరళలోనే. అయినా వెయ్యికి ఇంతమంది అని లెక్క కడితే, చావులు ఎక్కువ కనిపిస్తున్నదీ కేరళలోనే.

ఇదెలా కుదిరింది?

కిటుకు వయసులో ఉంది. కేరళలో ముసలివాళ్లు ఎక్కువ. 2021 నాటి అంచనా ప్రకారం కేరళలో ప్రతి వందమందిలో పదహారు, పదిహేడుమంది 60 ఏళ్లు దాటినవాళ్లు. బీహార్‌లో ఏడెనిమిది మందే. అంటే కేరళలో పెద్దవాళ్ల పాలు రెండింతలకు పైగా ఉంది. పెద్ద వయసులో చావు దగ్గరవుతుంది. అది ఎక్కడైనా అంతే. పెద్దవాళ్లు ఎక్కువగా ఉన్నచోట చావులూ ఎక్కువగానే ఉంటాయి. ఆసుపత్రులు ఎంత బాగున్నా సరే.

ఒక్కసారి ఆలోచించండి. కేరళలో ముసలివాళ్లు ఎందుకు ఎక్కువయ్యారు? పిల్లలు తక్కువ పుట్టడం ఒక కారణం. పుట్టినవాళ్లు చిన్నప్పుడే పోకుండా, ముసలితనం దాకా బతకడం ఇంకో కారణం. అంటే ఆ రాష్ట్రం సాధించిన మేలే దాని చావుల రేటును పెంచింది. ఈ సంగతి తెలియకపోతే, మంచి పని చేసినవాళ్లనే మనం తప్పు పడతాం.

కాబట్టి ఈ రోజు నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. రెండు చోట్ల చావుల రేట్లను పక్కపక్కన పెట్టేముందు, అక్కడి జనం వయసు అడగండి. మళ్లీ చెబుతున్నాను. చావుల లెక్క చూసేముందు వయసుల లెక్క చూడండి.

ఇప్పుడు దీన్ని మన ఊరి లెక్కలో పెట్టి చూద్దాం. పక్కన కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి. లేకపోయినా ఫర్వాలేదు. నెమ్మదిగా చెబుతాను.

మా తుర్కయాంజాల్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం వైపు వెళుతుంటే దారిలో తగులుతుంది. ఒకవైపు పాత ఊరుంది. మాసబ్ చెరువు ఉంది. పొలాలు చేసిన తరం ఇంకా అక్కడే ఉంది. ఇంకోవైపు ప్లాట్లు పడ్డాయి, కాలనీలు లేచాయి, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఆదిభట్ల కంపెనీల్లో పని చేసేవాళ్లు, నగరంలో ఉద్యోగాలు చేసేవాళ్లు, బ్యాంకు లోను పెట్టి ఇల్లు కొనుక్కున్నవాళ్లు వచ్చి చేరారు. అలా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముప్పై, నలభై ఏళ్ల దంపతులు. వెంట స్కూలు పిల్లలు. పొద్దున్నే కాలనీ గేటు దగ్గర చూస్తే స్కూలు బస్సులే బస్సులు. పాత ఊళ్లో రచ్చ దగ్గర చూస్తే చేతికర్రలు పట్టుకున్న పెద్దమనుషులు.

ఇలాంటి రెండు చోట్లను ఊహించుకుందాం. ఇక్కడినుంచి నేను చెప్పే అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. ఏ కాలనీవీ కావు, ఏ ఊరివీ కావు.

ఒక పాత ఊరు. పదివేల మంది. ఒక కొత్త కాలనీ. అక్కడా పదివేల మంది.

ఏడాది తిరిగింది. కొత్త కాలనీలో 68 మంది చనిపోయారు. పాత ఊళ్లో 104 మంది చనిపోయారు.

మొత్తం జనం రెండుచోట్లా సమానమే. పోయినవాళ్లు కాలనీలో 68, ఊళ్లో 104. ఇది విన్నవాళ్లు ఏమంటారు? ‘చూశారా, పాత ఊళ్లో ఏదో తేడా ఉంది. నీళ్లు బాగాలేవేమో, డాక్టరు లేడేమో’ అంటారు. కాలనీ ఆరోగ్యకరం అంటారు. ఇల్లు అమ్మేవాళ్లు ఆ మాటను బోర్డు మీద రాసుకున్నా రాసుకుంటారు.

తొందరపడకుండా వయసు అడుగుదాం.

కాలనీ పదివేల మందిలో 60 దాటినవాళ్లు 500 మందే. మిగతా 9,500 మందీ 60 లోపువాళ్లు. పాత ఊళ్లో 60 దాటినవాళ్లు 2,000 మంది. 60 లోపువాళ్లు 8,000 మంది. పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిపోయారు, తల్లిదండ్రులు ఊళ్లో మిగిలారు. మన ఊళ్లలో ఇది చూస్తున్నదే కదా.

ఇప్పుడు చావులను వయసు ప్రకారం విడదీద్దాం.

కాలనీలో పోయిన 68 మందిలో, 60 లోపువాళ్లు 38 మంది. 60 దాటినవాళ్లు 30 మంది. పాత ఊళ్లో పోయిన 104 మందిలో, 60 లోపువాళ్లు 24 మంది. 60 దాటినవాళ్లు 80 మంది.

ఇక భాగహారం. ముందు 60 లోపువాళ్ల సంగతి చూద్దాం. కాలనీలో 9,500 మందికి 38 మంది పోయారు. అంటే వెయ్యికి నలుగురు. ఊళ్లో 8,000 మందికి 24 మంది. అంటే వెయ్యికి ముగ్గురు. ఈ వయసులో ఊరే నయం.

60 దాటినవాళ్ల సంగతి చూద్దాం. కాలనీలో 500 మందికి 30 మంది పోయారు. అంటే వెయ్యికి 60 మంది. ఊళ్లో 2,000 మందికి 80 మంది. అంటే వెయ్యికి 40 మంది. ఇక్కడా ఊరే నయం.

విన్నారా? 60 లోపువాళ్లకూ ఊరే నయం. 60 దాటినవాళ్లకూ ఊరే నయం. కానీ అందరినీ ఒక్క మూటగా కట్టేసరికి కాలనీ నయం అన్నట్టు కనిపించింది. అంకె అబద్ధం చెప్పలేదు. మనమే దాన్ని అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

మరి సరైన పోలిక ఎలా? రెండు చోట్లకూ ఒకే రకం జనం ఉన్నారని అనుకోవాలి. కొలబద్ద ఒకటే ఉండాలి. పదివేల మందిలో 60 లోపువాళ్లు 9,000 మంది, 60 దాటినవాళ్లు 1,000 మంది అని పెట్టుకుందాం. ఈ ఒకే జనం మీద కాలనీ రేట్లు వేద్దాం. 9,000 మందికి వెయ్యికి నలుగురు చొప్పున 36 మంది. వెయ్యిమంది పెద్దవాళ్లలో 60 మంది. మొత్తం 96. అదే జనం మీద ఊరి రేట్లు వేద్దాం. 9,000 మందికి వెయ్యికి ముగ్గురు చొప్పున 27 మంది. వెయ్యిమంది పెద్దవాళ్లలో 40 మంది. మొత్తం 67.

మొదట కాలనీ 68, ఊరు 104. వయసు సవరించాక కాలనీ 96, ఊరు 67. తక్కెడ అటుది ఇటు తిరిగింది.

దీన్నే వయసు సవరించిన రేటు అంటారు. సవరించనిదాన్ని ముడి రేటు అందాం. ముడి రేటు అంటే అందరినీ కలిపి లెక్కేసింది. సవరించిన రేటు అంటే అందరికీ ఒకే వయసు కొలబద్ద పెట్టి లెక్కేసింది. నిజమైన లెక్కల్లో రెండు వయసు గుంపులతో సరిపెట్టరు. సాధారణంగా ఐదేళ్లకొక గుంపు చేస్తారు. దేశాలను పోల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఒక ప్రామాణిక జనాభాను తయారుచేసి ఇచ్చింది. అది ఏ దేశానిదీ కాదు. అందరికీ పనికొచ్చే కొలబద్ద. మన భారత వైద్య పరిశోధన మండలి కేన్సర్ నివేదికల్లో కూడా ఇదే పద్ధతి ఉంటుంది. ఒక నగరంలో కేన్సర్ ఎంత ఉందో, ఇంకో నగరంలో ఎంత ఉందో పోల్చాలంటే, వయసు సవరించిన రేటునే చూపిస్తారు.

ఇప్పుడు దేశాల సంగతికి వద్దాం.

జపాన్‌లో 2023లో ప్రతి వెయ్యిమందికి దాదాపు 13 మంది చనిపోయారు. మన దేశంలో 2020లో వెయ్యికి 6. అంటే జపాన్‌లో చావుల రేటు మనకు రెండింతలు. కానీ జపాన్‌లో సగటు ఆయుర్దాయం దాదాపు 84 ఏళ్లు. మనకు 70 దాకా. ప్రపంచంలో ఎక్కువకాలం బతికే జాతుల్లో వాళ్లు ముందున్నారు. అక్కడ దాదాపు ప్రతి పదిమందిలో ముగ్గురు 65 దాటినవాళ్లు. ఇక కారణం మీకు నేను చెప్పనక్కర్లేదు.

రెండో దేశం మనవాళ్లకు బాగా తెలిసిన ఖతర్. అక్కడ చావుల రేటు వెయ్యికి ఇద్దరు కూడా ఉండదు. ప్రపంచంలోనే అతి తక్కువ రేట్లలో అదొకటి. పక్కనున్న ఎమిరేట్స్‌లోనూ ఇంచుమించు అంతే. ఈ అంకె చూసి అక్కడ పనిచేసే ప్రతివాడూ మనకంటే మూడింతలు భద్రంగా ఉన్నాడని అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఆ జనం ఎవరో చూడండి. ఖతర్‌లో ఉండేవాళ్లలో చాలా ఎక్కువమంది బయటి దేశాలనుంచి పనికోసం వెళ్లినవాళ్లు. జగిత్యాల నుంచి, నిర్మల్ నుంచి, నిజామాబాద్ నుంచి, సిరిసిల్ల నుంచి వెళ్లిన మన అన్నదమ్ములు అందులో ఉన్నారు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన మన అక్కచెల్లెళ్లు ఉన్నారు. వీళ్లు ఇరవై ఏళ్లప్పుడు, ముప్పై ఏళ్లప్పుడు వెళతారు. ముసలితనంలో ఎవరూ వెళ్లరు.

ఇంకో సంగతి కూడా ఉంది. గల్ఫ్‌కు పోవాలంటే మెడికల్ పాస్ కావాలి. రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, అన్నీ తీస్తారు. అందులో తప్పినవాడికి వీసా రాదు. అంటే అక్కడికి చేరేవాళ్లు వయసులో ఉన్నవాళ్లే కాదు, ఆ వయసువాళ్లలోనూ గట్టిగా ఉన్నవాళ్లు. మళ్లీ అక్కడ ఆరోగ్యం చెడిపోతే ఏం చేస్తారు? చాలామంది ఇంటికి వచ్చేస్తారు. కిడ్నీలు పాడై వచ్చినవాడు రెండేళ్ల తర్వాత ఇక్కడ మంచంలో పోతాడు. ఆ చావు అక్కడి లెక్కలో ఉండదు. మన జిల్లా లెక్కలో ఉంటుంది.

గట్టివాళ్లు పోతారు. జబ్బుపడ్డవాళ్లు తిరిగొస్తారు. ముసలివాళ్లు చాలా తక్కువ. అలాంటి చోట ముడి రేటు తక్కువగా ఉండడంలో వింత ఏముంది? ఎర్రటి ఎండలో పనిచేసే ముప్పై ఏళ్ల మేస్త్రీకి అక్కడ ఎంత ప్రమాదం ఉందో తెలియాలంటే, దేశం మొత్తం రేటు చూసి లాభం లేదు. ముప్పై ఏళ్ల మనిషిని ముప్పై ఏళ్ల మనిషితోనే పోల్చాలి. అక్కడ పనిచేసేవాడిని, ఇక్కడ అదే పని చేసే ఆరోగ్యవంతుడితో పోల్చాలి. ఇది అంకెల గొడవ మాత్రమే కాదు. ఆ పోలిక సరిగ్గా చేస్తేనే, మధ్యాహ్నం ఎండలో పని ఆపించాలా వద్దా, గుండె పరీక్షలు చేయించాలా వద్దా అన్న ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. శంషాబాద్ విమానాశ్రయంలో శవపేటిక కోసం నిలబడే కుటుంబాలకు ఆ జవాబు మనం బాకీ ఉన్నాం.

ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాల మాట. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో చావుల రేటు వెయ్యికి 6.3. తెలంగాణలో 6. ఈ చిన్న తేడా పట్టుకుని కూడా వాదించుకునేవాళ్లు ఉంటారు. 60 దాటినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో వందకు 12 మందికి పైగా, తెలంగాణలో 11 మంది అని అంచనా. వయసు తేడా ఉన్నప్పుడు రేటులో ఆమాత్రం తేడా ఉండనే ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ గర్వపడక్కర్లేదు. ఎవరూ చిన్నబోనక్కర్లేదు.

కరోనా రోజులు గుర్తున్నాయా? 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇటలీ అల్లాడిపోయింది. మన దగ్గర అప్పటికి చావులు తక్కువ. అప్పుడు ఎన్ని మాటలు విన్నాం! మన ఎండలన్నారు, మన మిరియాల కషాయమన్నారు, మన రక్తమే వేరన్నారు. ఇటలీలో ప్రతి వందమందిలో 23 మంది 65 దాటినవాళ్లు. మన దగ్గర ఆరేడుగురు. కరోనా ముఖ్యంగా పెద్ద వయసువాళ్లను తీసుకుపోయిన జబ్బు. వయసు అడగకుండా రెండు దేశాలను పోల్చి, మనకేం కాదులే అనుకున్నవాళ్లున్నారు. 2021 వేసవిలో రెండో విడత వచ్చినప్పుడు ఏమైందో మనందరికీ తెలుసు. ఆక్సిజన్ సిలిండర్ల కోసం తిరగని ఊరు లేదు.

అప్పుడే ఇంకో సంగతి కూడా బయటపడింది. వయసు ఒక్కటే సరిపోదు, చావులన్నీ లెక్కకు రావాలి. 2020, 2021 సంవత్సరాల్లో మన దేశంలో కరోనా చావులు దాదాపు 4 లక్షల 80 వేలని ప్రభుత్వ లెక్క. ఆ రెండేళ్లలో మామూలుకంటే అదనంగా దాదాపు 47 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఆ అంచనా కట్టిన పద్ధతిని మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఇంత తేడాతో వాదన ఎందుకు వచ్చింది? ప్రతి చావూ, ప్రతి వయసూ, ప్రతి కారణమూ అప్పటికప్పుడు కాగితం మీదకు ఎక్కివుంటే ఈ వాదనకు ఇంత చోటుండేది కాదు.

కొందరు ఇంకో తోవ చూపిస్తారు. రేటు వద్దు, చనిపోయినవాళ్ల సగటు వయసు చూద్దాం అంటారు. అది కూడా బోల్తా కొట్టిస్తుంది. దీనికి పాత కథ ఉంది. 1842లో ఇంగ్లండులో ఎడ్విన్ చాడ్విక్ అనే అధికారి పేదవాళ్ల ఆరోగ్యం మీద పెద్ద నివేదిక ఇచ్చాడు. మాంచెస్టర్ కూలీల కుటుంబాల్లో చనిపోయినవాళ్ల సగటు వయసు 17 ఏళ్లని రాశాడు. ఆయన ఉద్దేశం గొప్పది. మురికివాడలు బాగుచేయాలని ఆయన తపన. అక్కడి బతుకులు ఘోరంగా ఉన్న మాటా నిజమే. కానీ రెండేళ్లకే, 1844లో, నీసన్ అనే బీమా లెక్కల నిపుణుడు లేచి ఈ కొలతలో లోపం ఉందన్నాడు. పిల్లలు, పడుచువాళ్లు ఎక్కువగా ఉన్నచోట పోయినవాళ్ల సగటు వయసు దానంతటదే తక్కువగా వస్తుంది. అది ఆరోగ్యం తేడా కావచ్చు, జనం తేడా కావచ్చు. రెండింటినీ విడదీయాలి. విడదీసే దారి కూడా ఆయన చూపించాడు. ఒక చోటి చావుల రేట్లను ఇంకో చోటి జనం మీద వేసి చూపించాడు. ఇందాక మనం ఊరికీ, కాలనీకీ చేసింది కూడా అలాంటిదే. 180 ఏళ్ల కిందటి దారి అది. ఇప్పటికీ పనికొస్తోంది.

మరి ముడి రేటు ఎందుకూ పనికిరాదా? పనికొస్తుంది. మన ఊరి వైకుంఠధామానికి ఎంత స్థలం కావాలి? పింఛన్ల పట్టీలో ఏటా ఎన్ని పేర్లు మారతాయి? వీటికి ముడి లెక్కే కావాలి. అక్కడ సవరించిన రేటు అక్కరకు రాదు. నిజంగా ఎంతమంది పోతున్నారో తెలియాలంటే ముడి రేటు చూడాలి. ఎక్కడ బతుకు భద్రంగా ఉందో తెలియాలంటే సవరించిన రేటు చూడాలి. ప్రశ్న ఏదో తేల్చుకుంటే, ఏ అంకె తీసుకోవాలో తేలిపోతుంది.

ఇది రేపటి మన సంగతి కూడా. తెలంగాణలో ఇప్పుడు ఒక్కో స్త్రీకి సగటున ఇద్దరు పిల్లలు కూడా లేరు. ఆంధ్రప్రదేశ్‌లోనూ లేరు. మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు. కాబట్టి రాబోయే ఇరవై, ముప్పై ఏళ్లలో మన దగ్గరా పెద్దవాళ్ల పాలు పెరుగుతుంది. దాంతోపాటు ముడి రేటు కూడా పెరుగుతుంది. అప్పుడు ‘తెలంగాణలో పెరిగిన మరణాలు’ అని వార్తలు వస్తాయి. కంగారు పడకండి. 1980 ప్రాంతంలో జపాన్‌లో చావుల రేటు వెయ్యికి 6. ఇంచుమించు 2020లో తెలంగాణలో ఉన్నంత. ఈ నలభై ఏళ్లలో అది రెండింతలైంది. అదే నలభై ఏళ్లలో వాళ్ల ఆయుర్దాయం 76 నుంచి 84కు పెరిగింది. రేటు పెరిగింది, బతుకూ పెరిగింది. రెండూ ఒకేసారి జరిగాయి.

అలాగని ప్రతి పెరుగుదలనూ వయసు మీదకు తోసేయకూడదు. ముప్పై, నలభై ఏళ్లవాళ్లలో చావులు పెరిగితే అది వయసు మాయ కాదు. రోడ్డు ప్రమాదం కావచ్చు, గుండెపోటు కావచ్చు, మందు కావచ్చు. అది కనిపెట్టాలన్నా వయసు విడదీయాల్సిందే. వయసు సవరణ తప్పు భయాన్ని పోగొడుతుంది. నిజమైన ప్రమాదాన్నీ బయటపెడుతుంది.

అయితే శ్రోతలారా, ఈ లెక్కంతా ఒక్క గడి మీద నిలబడి ఉంది. మరణ నమోదు ఫారంలో వయసు అని ఒక గడి ఉంటుంది. ఆ గడి నింపేది మనమే.

ఒక్కసారి ఆ కౌంటర్ దగ్గరకు వెళదాం. తల్లి పోయి పది రోజులైంది. కొడుకు సర్టిఫికెట్ కోసం వచ్చాడు. గుమాస్తా అడుగుతాడు, ‘అమ్మకు వయసెంత?’ అని. ‘ఏమో సార్, అరవై అయిదు ఉంటయ్. రాసుకోండ్రి’ అంటాడు కొడుకు. ఆధార్ కార్డు తీసి చూస్తే పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది. మన పెద్దవాళ్లలో ఎంతమంది కార్డులమీద జనవరి 1 ఉంటుందో మీకు తెలుసు. తేదీ తెలియనివాళ్లకు పడ్డ తేదీ అది. పక్కనే పెద్దమ్మ ఉంటుంది. ఆమె అంటుంది, ‘అరే, సాగర్ కాలువలకు నీళ్లిడిసిన ఏడు అది పెండ్లయి వచ్చింది గదరా. అప్పటికే పదహారేండ్లు నిండినయ్’ అని. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. అప్పటికి పదహారంటే, 1951లో పుట్టినట్టు. 65 కాదు, 70 దాటి ఎప్పుడో అయింది.

ఇలా మన పెద్దల వయసు వాళ్ల జ్ఞాపకాల్లో ఉంది. పోలీస్ యాక్షన్ 1948లో జరిగింది. సాగర్‌కు శంకుస్థాపన 1955లో. తెలంగాణ ఉద్యమం మొదటిసారి ఎగసింది 1969లో. ‘అప్పుడు నువ్వెంత ఉన్నావు నానమ్మా’ అని అడిగితే చెబుతారు. వాళ్లు బతికుండగానే అడిగి రాసిపెట్టుకోండి. మన జనాభా లెక్కల్లో 60, 65, 70 లాంటి గుండు అంకెల వయసులవాళ్లు ఎప్పుడూ ఉండాల్సినదానికంటే ఎక్కువ కనిపిస్తారు. ఎందుకంటే తెలియనప్పుడు అందరం సున్నాకో, అయిదుకో సర్దేస్తాం. ఒక్క ఇంట్లో అది చిన్న సర్దుబాటే. లక్షల ఇళ్లలో కలిస్తే లెక్క ఒరిగిపోతుంది.

చట్టం ఏమంటుందో కూడా గుర్తుపెట్టుకోండి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. చావు జరిగిన 21 రోజుల్లోపు చెబితే రుసుము లేదు. పట్టణాల్లో మున్సిపల్ ఆఫీసులో చెప్పాలి. పల్లెల్లో గ్రామ పంచాయతీలో చెప్పాలి. ఆస్తి ఉంటేనే సర్టిఫికెట్ కావాలి అనుకోకండి. ఆస్తి లేని ముసలమ్మ చావు కూడా రాష్ట్రం లెక్కలో ఉండాలి. చంటిబిడ్డ చావు కూడా ఉండాలి. వయసు సరిగ్గా చెప్పండి. డాక్టరు చూసివుంటే చావుకు కారణం రాయించుకోండి.

ఇంకొక్క మాట. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదా పడ్డాయి. 2027కు నిర్ణయించారు. చావుల రేటులో పైనుండేది చావుల సంఖ్య. కిందుండేది జనం సంఖ్య. కింది అంకె తప్పైతే రేటు మొత్తం తప్పే. లెక్క రాసే టీచరమ్మ మీ ఇంటికి వచ్చినప్పుడు, గడపలో నిలబెట్టి గుండు అంకెలు చెప్పి పంపేయకండి. కూర్చోబెట్టండి. ఇంట్లో అందరి వయసులూ సరిచూసి చెప్పండి.

ఒక దేశంలో చావులు ఎక్కువ, ఇంకో దేశంలో తక్కువ అని ఎవరైనా అంటే, రెండు ప్రశ్నలు అడగండి. అక్కడి జనం వయసెంత? వయసు సవరించిన రేటు ఎంత? ఇవి చెప్పగలిగితే వినండి. చెప్పలేకపోతే ఆ వార్తను ఇంకొకరికి పంపకండి. మన ఊళ్లో పెద్దవాళ్లు ఎక్కువ ఉన్నారంటే, వాళ్లను అంతకాలం బతికించుకున్నామని అర్థం. ఆ పెద్దవాళ్లకు దగ్గర్లో డాక్టరు కావాలి, బీపీ మాత్రలు అందాలి, ఇంటికి వచ్చి చూసే నర్సు కావాలి. ఎంతమందికి కావాలో, ఏ వయసువాళ్లకు కావాలో సరైన లెక్క ఉంటేనే అడగగలం. ఆ లెక్క మన ఇంటినుంచి మొదలుపెడదాం.